ఒకవైపే తిరిగిన నడుము

నా బరువు డెబ్భై రెండు కిలోలు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది మా అక్క కథే అయినా ఇందులో ఎక్కువ చోటు ఆక్రమించేది ఆ డెబ్భై రెండు కిలోలే. ఇరవై ఏళ్లకు పైగా లారీ తోలినవాణ్ణి. ఏ బండి ఎంత లోడు మోస్తుందో, ఎంత దాటితే ఇరుసు విరుగుతుందో చూడగానే చెప్పేవాణ్ణి. ఇంట్లో ఆ లోడు నేనేనని, నా కింద ఉన్నది ఇంజను కాదు, యాభై ఏడేళ్ల మనిషని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆరేళ్ల క్రితం పక్షవాతం వచ్చి నా ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పడిపోయాయి. నాకు పెళ్లి కాలేదు. నా నోటిని తట్టుకోగల మనిషి దొరకలేదనుకోండి. అక్కకు అప్పటికి భర్త పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఆస్పత్రి నుంచి నన్ను ఎవరు తీసుకెళ్లాలన్న మాట పైకి వచ్చేలోపే అక్క వెళ్లి ఆటో పిలుచుకొచ్చింది. ఆమె పద్ధతే అంత. మాట్లాడే పని మిగతావాళ్లకు వదిలేసి, చేసే పని తన నెత్తిన వేసుకుంటుంది. అలా ఆమె ఉంటున్న రెండు గదుల్లో ముందుగది నాదైపోయింది. ఆమె పక్క వంటింట్లోకి మారింది.

అక్క ఒక జిమ్‌లో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. మా వీధి చివర మందుల షాపు ఉంది, దాని పై అంతస్తే జిమ్. ఆరింటికి తెరుస్తారు. అక్క ఐదింటికల్లా వెళ్లి అద్దాలు తుడిచి, నేల కడిగి, ఒక్కో మిషన్ మీదా మందునీళ్లు చల్లి, నిన్నటివాళ్ల చెమట మరకలు పోయేదాకా గుడ్డతో రుద్దుతుంది. పదేళ్లుగా ఇదే పని. మిషన్ల అసలు పేర్లకు ఆమె నోరు తిరగదు, తిప్పుకోవాలన్న ఆసక్తీ లేదు. నిలబడి పరిగెత్తే దానికి ‘ఎటూ పోని రోడ్డు’ అని పేరు పెట్టింది. కూర్చుని నడుమును ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పే మిషన్‌ను ‘గానుగ’ అంటుంది. ఇన్నేళ్లలో ఏ మిషన్ మీదా ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎందుకని అడిగితే, కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదురా అనేది. నేను నవ్వేవాణ్ణి. అది హాస్యం కాదని తర్వాతెప్పుడో తెలిసింది.

తొమ్మిదింటికి ఇంటికి రాగానే నా పని. నన్ను మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి ఎక్కించాలి. ఆ కుర్చీనే బాత్రూంలోకి తోసుకెళ్తుంది కాబట్టి అక్కడ మళ్లీ ఎత్తే పని లేదు. పడుకోబెట్టడం కూడా సులువే. కుర్చీ ఎత్తు, మంచం పల్లం, నేను జారిపోతాను. కష్టమంతా ఎక్కించడంలోనే ఉంది. మంచం కాళ్లవైపు గోడకు ఆనించి ఉంటుంది. అక్కడ కుర్చీ పట్టదు. తలవైపే పడుతుంది, నేను అంచున కూర్చుంటే అది నా పడిపోయిన ఎడమవైపు. అక్క నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, నా చంకల కింద చేతులు దూర్చి, వీపు వెనక వేళ్లు పెనవేసి, పళ్లు బిగించి ఒక్క ఊపున లేపి, అదే ఊపులో తన కుడివైపుకు తిరిగి కుర్చీలో వేసేది. రోజుకు నాలుగుసార్లు. ఆరేళ్లలో ఎనిమిది వేలసార్లకు తక్కువ కాదు. అన్నిసార్లూ కుడివైపుకే.

ఒకరోజు పొద్దున్న ఆ ఊపు మధ్యలో అక్క ఆగిపోయింది. అరవలేదు. ముక్కుతో చిన్న శబ్దం చేసి మోకాళ్ల మీద కూలబడింది. ఆమె మీద నేను పడ్డాను. ఎడమ పక్కటెముకల కింద ఎవరో గుప్పిట పట్టి మెలిపెట్టినట్టు ఉందట. మంచానికీ కుర్చీకీ మధ్య ఉన్న జానెడు చోటులో ఇద్దరం అరగంట పడి ఉన్నాం. పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్న వాసన వస్తోంది. “ఉండరా, లేస్తాను” అంటోంది అక్క. మళ్లీ కాసేపటికి అదే మాట. ఆ మాట నాకు చెబుతోందో తనకు చెప్పుకుంటోందో తెలియలేదు. చివరికి గిన్నె అడుగంటి పొగ బయటికి వెళ్తే, పక్కింటావిడ తలుపు తట్టింది.

డాక్టరు ఎముకలకేమీ కాలేదన్నాడు. నడుం పక్కన, పక్కటెముకల నుంచి తుంటి దాకా ఏటవాలుగా ఉండే కండరాలు బెణికాయట. మూడు వారాలు గ్లాసు కన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. ఆ తర్వాత నిదానంగా వాటిని గట్టిపరచుకోవాలి, లేకపోతే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా వస్తుంది. అక్క అన్నిటికీ తలూపి, మధ్యాహ్నానికే తడిబట్టల బకెట్టు ఎత్తబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

ఆ మూడు వారాలూ మా తమ్ముడు పొద్దునా సాయంత్రం వచ్చి నన్ను ఎత్తాడు. వాడికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. జీవితంలో వాడు ఎత్తిన అతి పెద్ద బరువు కళ్లజోడే. వారం తిరిగేసరికి వాడూ నడుం పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. రెండో ఆదివారం కూర్చుని, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, లేవలేనివాళ్లను చూసుకునే ఒక హోమ్ ఉందనీ, అక్కడ నా పేరు రాయించాననీ చెప్పాడు. రెండు నెలల్లో ఖాళీ రావచ్చట. అప్పటికి అక్క మునుపటిలా ఎత్తగలిగితే సరే. ఎత్తలేకపోతే నేను అక్కడికి వెళ్లాలి.

అక్క ఇంతెత్తున లేచింది. వాణ్ణి చిన్నప్పుడు కూడా అంతగా తిట్టలేదు. తను బతికుండగా నన్ను ఎక్కడికీ పంపేది లేదంది. నేను మాత్రం పెద్దమనిషిలా, పంపేయండి, నాకేం, ఎక్కడైనా పైకప్పే కదా చూస్తూ పడుకోవడం అన్నాను. పైకి అన్న మాట అది. వరసగా వేసిన మంచాల మీద పేరు తెలియని మనుషుల మధ్య పడి ఉండటం తలుచుకుంటేనే నాకు భయమేసింది. అక్క ఎత్తగలగాలి. ఆ రెండు నెలలూ నేను కోరుకున్నది అదొక్కటే. ఆమె నొప్పి తగ్గాలని కోరుకున్నానా అంటే, కోరుకున్నాను. కానీ ఎందుకు కోరుకున్నానో కూడా చెప్పాలి కదా.

జిమ్‌లో ఒక కోచ్ ఉంది. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు బరువులెత్తే పోటీల్లో పాల్గొనేదట. ఆ రోజుల్లో తొందరపడి మోకాలు పాడు చేసుకుంది, ఇప్పటికీ కుడి మోకాలికి పట్టీ లేకుండా మెట్లెక్కలేదు. అందుకే ఎవరైనా గబగబా బరువులు వేసుకుంటుంటే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. అక్క ఒంటిచేత్తో అద్దం తుడవడం చూసి సంగతంతా రాబట్టింది. మూడు వారాల గడువు అయ్యాక డాక్టరు సరేనన్నాకే గానుగ మీద కూర్చోబెట్టింది. అప్పటికి తమ్ముడు రావడం ఆగింది, పక్కింటావిడను తోడు పిలిచి అక్క రోజుకు ఒక్కసారే నన్ను కుర్చీ ఎక్కించేది.

ఆ సాయంత్రం అక్క నాకు పాఠం చెప్పింది. స్టూలు తెచ్చి నా మంచం ముందు వేసుకుని, తువ్వాలు రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకుని కూర్చుంది. ముందు ఐదు నిమిషాలు ఊరికే నడిచి ఒళ్లు వెచ్చబరచుకోవాలట. తర్వాత వీపు నిటారుగా పెట్టి కూర్చోవాలి, మోకాళ్లు మెత్తల మధ్య కదలకుండా ఉండాలి. తిరగాల్సింది పొట్టా పక్కటెముకలూ, చేతులు కాదు. పిరుదులు సీటు మీద నుంచి లేచాయంటే అది తప్పు. వెనక బరువు బిళ్ళల దొంతర ఉంటుంది, మధ్యలో పిన్ను గుచ్చి ఎన్ని కావాలో పెట్టుకోవాలి. అక్కకు మొదటిది ఒక్కటే. తిరిగేటప్పుడు ఊపిరి వదలాలి, వెనక్కి వచ్చేటప్పుడు పీల్చాలి. వెళ్లినంత నెమ్మదిగానూ తిరిగి రావాలి. బిళ్ళలు టంగుమన్నాయంటే పని నువ్వు చెయ్యలేదు, ఊపు చేసింది అన్నమాట. తిరగగలిగినంతా తిరగకూడదు, నొప్పి పుట్టని మేరకే. ఎడమవైపు తిరగడం అక్కకు సగంలోనే ఆగిపోతోంది కాబట్టి ముందు ఆ వైపు పదిసార్లు, తర్వాత కుడివైపు కూడా పదే, ఒక్కటి కూడా ఎక్కువ చెయ్యకూడదు. రోజు విడిచి రోజు చాలు. చురుక్కుమంటే అక్కడికి ఆపేయాలి.

“ఇంతేనా? ఇంత మెల్లగా అయితే మనం ఊరు చేరేదెప్పుడు?” అన్నాను నేను.

అక్క తువ్వాలు మడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కానీ ఆ మాట ఆమెకు తగిలిందని ఇప్పుడు తెలుసు. రెండు నెలల గడువులో అప్పటికే పదిరోజులు పోయాయి. మొదటి బిళ్ళ నాలుగు కిలోలు. నేను డెబ్భై రెండు. ఆ తేడా నాకన్నా ముందే ఆమె చూసుకుంది.

తర్వాత జరిగింది నాకు కోచ్ చెప్పింది. అక్క ఆమె ఎదురుగా మాత్రం చెప్పినట్టే చేసేది. ఎడమ పది, కుడి పది, నిదానంగా, ఒద్దికగా. కానీ తాళం చెవి అక్క దగ్గరే ఉంటుంది కదా. ఐదింటికి వెళ్లి, తుడిచే పని మొదలుపెట్టకముందే గానుగ మీద కూర్చునేది. ప్రతిరోజూ చేసేది. కుడివైపుకు మాత్రమే చేసేది. పిన్ను రోజుకొక మెట్టు కిందికి దిగేది. రెండోది, మూడోది, ఐదోది. తర్వాత ఆ సీటు కూడా శుభ్రంగా తుడిచి, పిన్ను మళ్లీ మొదటి బిళ్ళలో గుచ్చి, ఏమీ ఎరగనట్టు అద్దాల దగ్గరికి వెళ్లిపోయేది.

ఒకరోజు కోచ్ ముందురోజు మర్చిపోయిన ఫోను కోసం పెందలాడే వచ్చింది. మెట్ల మీద ఉండగానే బిళ్ళలు టంగుటంగుమంటున్నాయి. లోపల అక్క ఆరో బిళ్ళతో, పిరుదులు లేపి, ఒళ్లంతా విసురుతూ కుడివైపుకు తిరుగుతోంది. ముఖం పాలిపోయి ఉంది. పిన్ను లాగేసి, ఇదేం పని అని కోచ్ అరిస్తే, అక్క తప్పు చేసినట్టు కూడా ముఖం పెట్టలేదట. పనికొచ్చే వైపు గట్టిపరచుకుంటున్నానంది.

“ఎడమవైపు తిరిగి నేనేం చేసుకోను కోచమ్మా? ఆరేళ్లలో ఒక్కసారైనా ఆ వైపు తిరిగానా? మావాడి కుర్చీ నాకు కుడిపక్కే కదా ఉండేది.”

కోచ్ పిన్ను జేబులో వేసుకుందట. ఎంతోమందిని చూసింది, అందం కోసం తొందరపడేవాళ్లనూ, పందెం కోసం తొందరపడేవాళ్లనూ. ఇంట్లో కుర్చీ ఏ పక్క ఉంటే ఆ పక్క కండరాలే చాలనుకున్న మనిషిని మాత్రం మొదటిసారి చూసింది. లారీ భాషలో చెప్పాలంటే అక్క ఒకవైపు టైర్లకే గాలి కొడుతోంది. అలా ఐతే బండి బలపడదు, పక్కకు లాగేస్తుంది. అప్పటికే ఎడమ పక్కటెముకల కింద పాత నొప్పి మళ్లీ తల ఎత్తింది. అక్క దాన్ని ఎవరికీ చెప్పలేదు. కోచ్ ఆమెను అక్కడికక్కడే వారం రోజులు మిషన్ ఎక్కొద్దని కట్టడి చేసి, ఆ మధ్యాహ్నమే ఆ కుర్చీ సంగతేమిటో చూస్తానని మా ఇంటికి వచ్చింది.

వచ్చి కూర్చోలేదు. గది నాలుగు మూలలూ చూసింది. మంచం, కుర్చీ, గోడ, కిటికీ. తర్వాత నా దగ్గరికి వచ్చి తన చెయ్యి నా కుడిచేతిలో పెట్టి, గట్టిగా నొక్కండి డ్రైవరు గారూ అంది. నొక్కాను. ఇరవై ఏళ్లు స్టీరింగు తిప్పిన చెయ్యి అది. ఆమె వేళ్లు విడిపించుకుని విదిలించుకుంది. కుడికాలితో తన అరచేతిని తన్నమంది. తన్నాను. ఒక అడుగు వెనక్కి వేసి నన్ను ఎగాదిగా చూసింది.

“ఇంత బలం పెట్టుకుని మీరెందుకు లేవరు?”

నేను పైకప్పు చూశాను. అక్క నా బదులు జవాబు చెప్పింది, వాడికి లేవడం రాదమ్మా అని. కోచ్ ఆమె మాట వినిపించుకోకుండా, కుర్చీ మంచి చేతివైపు ఉండాలని మీకు ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదా అని అడిగింది.

చెప్పారు. ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఆస్పత్రి నుంచి వచ్చేరోజు నర్సు ఇద్దరికీ విడమరిచి చెప్పింది. అక్క ఆ మాట ప్రకారమే మంచం గోడకు దూరంగా, గది లోపలికి వేసింది. కుర్చీ నా కుడిపక్క పట్టేది. కానీ అక్కడ పడుకుంటే కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. మంచం కిటికీ కిందికి వస్తేనే రోడ్డు కనిపిస్తుంది, లారీలు కనిపిస్తాయి. మొదటిరోజే నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. కాలూ చెయ్యీ ఎలాగూ పోయాయి, కళ్లు కూడా కట్టేస్తారా అని అన్నం కంచం నేల మీదికి విసిరేశాను. అక్క మెతుకులు ఏరి, మంచం కిటికీ దగ్గరికి లాగింది. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కుర్చీ ఎడమపక్కకు వచ్చింది. మొదట్లో నేను కుడికాలు కాస్త ఊతం ఇచ్చేవాణ్ణి. తర్వాత అదీ మానేశాను. ఎత్తుతోంది కదా అనిపించింది. ఆ రోజు మంచానికీ కుర్చీకీ మధ్య పడి ఉన్న అరగంటా నా కుడిచెయ్యి ఖాళీగానే ఉంది, మంచం కోడు జానెడు దూరంలోనే ఉంది. పట్టుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

కోచ్ ఒక్కతే మంచం లాగింది, అక్కను ముట్టుకోనివ్వలేదు. కుర్చీని నా కుడిపక్కకు తెచ్చి, బ్రేకు వేసింది. అక్కను నా ఎదురుగా నిలబెట్టి మోకాళ్లు వంచమంది, బరువుతో పాటు నడుం తిప్పడం ఇక జన్మలో చెయ్యొద్దంది. తిరగాలంటే పాదాలు కదపాలి, నడుం కాదు. ఆ మిషన్ నడుమును కాపాడుకోవడానికే తప్ప, నడుముతో మనుషుల్ని విసిరెయ్యడానికి కాదు. తర్వాత నన్ను అంచుకు జరిగి, పాదం వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్లు దాటేదాకా ముందుకు వంగమంది. కుడిచేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని, కుడికాలితో నేలను తన్నమంది. తన్నాను.

లేచాను. అక్క చేతులు నా చంకల కింద ఉన్నాయి కానీ వాటి మీద పడిన బరువు పాతదాంట్లో నాలుగోవంతు కూడా ఉండదు. అక్క నాలుగు చిన్న అడుగులు వేసి తిరిగింది, నేను కుర్చీలో కూర్చున్నాను. కోచ్ చప్పట్లు కొట్టింది. అక్క ముఖంలో సంతోషం కనిపిస్తుందని చూశాను. ఆమె తన రెండు చేతుల వంక చూసుకుంటోంది.

కోచ్ వెళ్లాక అక్క గిన్నెలు తోమడం పూర్తి చేసి, చేతులు తుడుచుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“ఇన్నేళ్లూ లేవగలిగేవాడివా?”

అవునన్నాను. ఇంకేమనగలను? ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. నాలుగురోజులు అన్నం పెట్టింది, బట్టలు మార్చింది, మందులిచ్చింది, మాట్లాడలేదు. ప్రతిపూటా నేనే ముందుకు వంగి లేస్తున్నాను, ఆమె పట్టుకుంటోంది. పని సగానికి సగం తగ్గింది, ఇంట్లో గాలి మాత్రం రెట్టింపు బరువెక్కింది. తిట్టి ఉంటే బాగుండేది. అక్క తిట్టడానికి కూడా ఓపిక లేనంతగా అలిసిపోయింది. ఎన్నేళ్ల అలసటో, ఆ నాలుగురోజుల్లో ఒక్కసారిగా ఆమె భుజాల మీద కనిపించింది. మెట్టు ఎక్కుతూ ఆగేది. చేట పట్టుకుని ఎందుకు పట్టుకుందో మర్చిపోయి నిలబడేది.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. హోమ్‌లో ఖాళీ వచ్చిందట. రేపటికల్లా చెప్పాలట. చెప్పి, అక్క విరుచుకుపడుతుందని తల కాస్త పక్కకు వంచి కూర్చున్నాడు. మంచం జరిగిందనీ, నేను లేస్తున్నాననీ వాడికి తెలియదు. అక్క చెబుతుందని నేను ఎదురుచూశాను. అక్క దుప్పటి మడతపెడుతోంది. నాలుగు మడతలు వేసింది, విప్పింది, మళ్లీ వేసింది.

“నాకు అలసటగా ఉందిరా” అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. తమ్ముడూ వినలేదు. వాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అక్క నా వైపు చూడకుండా, పదిహేను రోజులు అక్కడ ఉంచు, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అంది. తర్వాత సంగతి ఏమిటని నేను అడగలేదు. అడిగే ముఖం ఎక్కడుంది నాకు? సరేనన్నాను. ఈసారి పెద్దమనిషిలా కాదు.

హోమ్‌లో గదికి నలుగురం. మంచి మనుషులే, శుభ్రంగానే ఉంటుంది. నన్ను ఎత్తడానికి బలమైన ఆయాలు ఇద్దరు వచ్చారు, వద్దన్నాను. మంచం పక్కన గోడకు ఇనుప కడ్డీ ఉంది. దాన్ని పట్టుకుని మొదటిరోజు రెండుసార్లు లేచాను, రెండోసారి కూలబడ్డాను. కుడికాలు ఆరేళ్లుగా సెలవులో ఉంది, నడుం పక్కలు కూడా దానికి తోడు. కోచ్ అక్కకు చెప్పినవే నేనూ పాటించాను. నెమ్మదిగా, ఊపు లేకుండా, ఊపిరి బిగపట్టకుండా, కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా. ఆయాలు నవ్వుకునేవారు. ఎందుకంత పట్టుదల, ఇక్కడ మేమున్నాం కదా అనేవారు. అదే మాట విని విని నేను ఇలా తయారయ్యానని వాళ్లకెలా చెప్పను?

మధ్యాహ్నాలు అక్క గుర్తొచ్చేది. వస్తుందా రాదా అన్నది ఒక్కటే ఆలోచన. రాకపోయినా తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు. ఆ మాట నాకు నేనే చెప్పుకుని, కాసేపటికే మళ్లీ తలుపు వైపు చూసేవాణ్ణి.

పన్నెండో రోజు అక్క వచ్చింది. నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖం కాస్త తేటపడింది. మొదటి మూడురోజులూ పని నుంచి రాగానే పడుకుని నిద్రపోయానంది. నాలుగోరోజు ముందుగదిలో పడుకుందట, కిటికీ దగ్గర. వారం విశ్రాంతి అయ్యాక గానుగ మీద మళ్లీ మొదటి బిళ్ళతో మొదలుపెట్టింది. రోజు విడిచి రోజు, కోచ్ ఎదురుగానే. ముందు ఎడమ, తర్వాత కుడి. ఎడమవైపు తిరగడం ఇప్పుడు సగం దాటి ముప్పావుకు వచ్చిందట. 

రోడ్డు కోసం నీ నడుం విరిచానక్కా అన్నాను నేను. పన్నెండు రోజులుగా నోట్లో పెట్టుకున్న మాట.

“రోడ్డు కోసమైతే నాకింత కష్టం లేదురా. కిటికీ కావాలంటావు, అడగడం తప్పా? చెయ్యగలిగీ చెయ్యలేదు చూడు, అదే మింగుడు పడటం లేదు” అంది. కోపంగా కాదు. అలసటగానే అంది.

ఎందుకు చెయ్యలేదని అడగలేదు. అడిగి ఉంటే, నువ్వున్నావు కదా అనే చెప్పాలి. అంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

కాసేపటికి అక్క లేచింది. చక్రాల కుర్చీని నా కుడిపక్కకు తోసి, బ్రేకు వేసింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంటికా, వరండాలోకా అని నేను అడగలేదు. అంచుకు జరిగాను. పాదం వెనక్కి లాక్కున్నాను. ముందుకు వంగాను. అక్క చేతులు అలవాటుకొద్దీ నా చంకల కిందికి వచ్చాయి. అక్కడే ఆగాయి. ఆమే వాటిని కాస్త వెనక్కి తీసుకుంది.

కుర్చీ చెయ్యి పట్టుకుని కుడికాలితో నేలను నొక్కాను. కాలు నిలిచింది. ఆమెను తాకకుండా పూర్తిగా లేచి నిలబడ్డాను. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉన్నాయి. అక్క చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.